ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు పెద్దలు. నిజమే. కాని మిత్రులారా, ఊరంతా ఒక్క తీరుగా ఉడుకుతుందా?

బోదకాలు సర్వేలో రక్తం రాత్రిపూట తీయాలి. మైక్రోఫైలేరియా నెత్తుట్లో ఎక్కువగా కనబడేది రాత్రి 10 నుంచి 2 మధ్యనే. ఒకసారి నేనూ వెళ్ళాను. ఆ చీకట్లో కాలువగట్టు గుడిసెలదాకా నడవలేక, రోడ్డు పక్క ఇళ్ళతో సరిపెట్టేశాం. ఆ తప్పు ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది. ఎందుకంటే, క్రిమి ఉన్నవారు నూటికి 1 కంటె తగ్గారని తేలితే, ఏటా పంచే మాత్రలు ఆపే దిశగా అడుగు పడుతుంది.

అందుకే అంటాను: ఇళ్ళ నెంబర్లన్నీ చీటీలు రాసి తీయండి. వచ్చిన ఇంటికే వెళ్ళండి. తలుపు తీయకపోతే మళ్ళీ వెళ్ళండి. లెక్కలోకి రాని మనిషికి మాత్ర కూడా రాదు.