కంటైనర్ ఇమేజ్‌కి యాన్సిబుల్ కావాలా? నా ఓటు డాకర్‌ఫైల్‌కే

సర్వర్లను ఆటోమేటిక్‌గా సెటప్ చేయడానికి రాసుకున్న యాన్సిబుల్ ప్లేబుక్‌లు చేతిలో ఉన్నాయి కదా, వాటితోనే డాకర్ ఇమేజ్ కూడా బిల్డ్ చేసేద్దాం అనిపించడం సహజం. 2016లో వచ్చిన యాన్సిబుల్ కంటైనర్ ప్రాజెక్ట్ ఐడియా కూడా ఇదే. తర్వాత దాని డెవలప్‌మెంట్ ఆగిపోయింది.

చిక్కు ఎక్కడంటే, యాన్సిబుల్ మాడ్యూల్స్‌లో చాలావాటికి టార్గెట్‌లో పైథాన్ ఉండాలి. మీ యాప్ గో లాంగ్వేజ్‌లో రాసిందైతే, ఆ పైథాన్‌ని తీసేయకపోతే ఇమేజ్‌కి అది దండగ బరువే. పైగా దానికీ సెక్యూరిటీ అప్‌డేట్లు చూసుకోవాలి. ఇక స్పీడ్ సంగతి. డాకర్‌ఫైల్‌లో పైనుంచి మారకుండా ఉన్న స్టెప్పులన్నీ బిల్డ్ క్యాష్ నుంచి వచ్చేస్తాయి. అదే ప్లేబుక్ మొత్తాన్ని ఒకే రన్ కమాండ్‌లో పెడితే, ఒక్క టాస్క్ మార్చినా అన్నీ మళ్లీ మొదటి నుంచి నడవాల్సిందే.

అలాగని యాన్సిబుల్‌ని పక్కన పడేయమనట్లేదు. ఒకే సెటప్ వర్చువల్ మెషీన్లలోనూ, కంటైనర్లలోనూ ఉండాలంటే ప్యాకర్‌తో కలిపి వాడండి. రెండుచోట్లా విడివిడిగా రాసి, తర్వాత తేడాలు వెతుక్కునే బాధ తప్పుతుంది. కేవలం కంటైనరే అయితే మాత్రం మల్టీ స్టేజ్ డాకర్‌ఫైల్ చాలు. ఇమేజ్ లోపలి పని దానికి వదిలేసి, ఆ ఇమేజ్‌ని నడిపే సర్వర్ల పని యాన్సిబుల్‌కి అప్పగించండి.