ఛీ అనటం ఎవరు నేర్పారు?

కొత్త కూర పళ్ళెంలో పెడితే పసిపిల్లలు మొహం తిప్పుకుంటారు. నోట్లో కుక్కితే ఉమ్మేస్తారు. తల్లి తిడుతుంది, తండ్రి చెయ్యెత్తుతాడు. తప్పు పిల్లలది కాదు. రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా తెలియని తిండి అంటే పిల్లలకు జంకు ఎక్కువ. ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వయసులో విషపు కాయల నుంచి కాపాడేందుకే ఈ జంకు పుట్టి ఉంటుందని శాస్త్రవేత్తలు చెబుతారు. దానికి మందు కూడా మన చేతిలోదే. కొట్టకుండా, బతిమాలకుండా, అదే కూరను పది పదిహేనుసార్లు కొంచెం కొంచెం రుచి చూపిస్తే చాలామంది పిల్లలు అలవాటు పడతారు. పక్కన పెద్దవాళ్ళు అదే తింటూ కనబడితే ఇంకా తొందరగా అలవాటు పడతారు.

ఇంతవరకూ ప్రకృతి చేసిన పని. ఇక కులం చేసిన పని చూద్దాం.

పసివాడి జంకు పది ముద్దలతో పోతుంది. పెద్దవాళ్ళ అసహ్యం పది తరాలైనా పోవటం లేదు. ఎందుకంటే అది నాలుకది కాదు, నేర్పింది. ఊళ్ళో ఎవరి తిండి శుభ్రమో, ఎవరి తిండి నీచమో ముందే రాసిపెట్టారు. పెద్దకూర, బోటి, నల్ల తినేవాళ్ళు కింద. పప్పు నెయ్యి తినేవాళ్ళు పైన. రుచి చూసి ఛీ అన్నవాడు ఒక్కడైనా ఉన్నాడా? వాడ పేరు విని ఛీ అన్నవాళ్ళే అందరూ.

దీనికి రుజువు బడి. బడుల్లో వండిన అన్నం పెట్టమని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. మన దగ్గర 2003 జనవరిలో మధ్యాహ్న భోజనం మొదలైంది. వంటవాళ్ళుగా దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్లో అదే కోర్టు చెప్పింది. ఏమైంది? 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లా సుఖీఢాంగ్ బడిలో దళిత స్త్రీ వండిన అన్నం అగ్రకులాల పిల్లలు ముట్టలేదు. ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. దేశమంతా గొడవైతే గాని తిరిగి పెట్టుకోలేదు. ఆ పిల్లలకు అన్నం కొత్తా? పప్పు కొత్తా? రోజూ ఇంట్లో తినేవే. కొత్తది వండిన చెయ్యి. ఆ చేతిని చూసి ఛీ అనటం పిల్లలు కడుపులోంచి తెచ్చుకోలేదు. ఇంట్లో నేర్చుకొని వచ్చారు.

ఇక మన వాడల సంగతి. కుసుమంచి చుట్టుపక్కల ముసలోళ్ళను అడగండి, జొన్న గటక, అంబలి తాగి చేను పని చేసినోళ్ళే. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు పాలేరుకు వచ్చాక వరి పెరిగింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆ బియ్యం కడుపు నింపింది, దాన్ని తక్కువ చెయ్యం. కానీ తెల్లన్నం తింటేనే గౌరవం, గటక తింటే పేదరికం అనే మాట కూడా దాని వెంటే వచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. అదే ఏడు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లో రాగి జావ పోయటం మొదలైంది. తాత తాగిన జావను మనవడు వింత చూసినట్టు చూస్తున్నాడు. భద్రాచలం దిక్కు కోయగూడేల్లో ఇప్పపువ్వు, వెదురు కొమ్ములు, అడవి దుంపలు తింటారు. వాటి పేరు చెబితే మనవాళ్ళలోనూ మూతి విరిచేవాళ్ళున్నారు. మనల్ని ఊరు చూసిన చూపే అది. దాన్ని మనం గూడేల మీదికి తిప్పకూడదు.

ఈ మూతి విరుపులకు లెక్క ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తం తక్కువ. ఇనుము ఎక్కువున్న కార్జాన్ని, ఆకుకూరను, రాగిని నీచమని, పాతదని పక్కన పెట్టించే మాట పిల్లల రక్తం మీదే పడుతుంది.

అయితే వద్దనటమంతా తప్పేనా? కాదు. 1927 మార్చిలో మహద్ సభలో అంబేడ్కర్ చచ్చిన పశువు మాంసం మానమన్నాడు, పారేసిన ఎంగిలి ముట్టొద్దన్నాడు. అది రుచి గురించి కాదు, బతుకు గురించి. బానిసగా విసిరిన ముద్దను కాదనటం ఆత్మగౌరవం. మనిషిని చూసి ముద్దను కాదనటం కులం. రెండూ ఒకటి కావు.

మరి ఈ అలవాటు మారుతుందా? అమెరికాలో జరిగిన ముచ్చట ఒకటి కార్యకర్తలు తెలుసుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో మంచి మాంసం సైన్యానికి పోతుంటే, ఇంట్లో గుండెకాయ, మూత్రపిండాలు వండుకోమని ప్రభుత్వం ఆడవాళ్ళకు చెప్పాలనుకుంది. వాళ్ళకు అవంటే రోత. నాజీ జర్మనీ వదిలి వచ్చిన యూదు శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ అయోవాలో పరీక్ష చేశాడు. కొందరికి ఉపన్యాసం ఇప్పించాడు. కొందరిని కూచోబెట్టి వాళ్ళ ఇబ్బందులు వాళ్ళనే మాట్లాడుకోనిచ్చి, చివరికి వండుతామనే వాళ్ళను చేతులెత్తమన్నాడు. ఉపన్యాసం విన్నవాళ్ళలో వండింది నూటికి ముగ్గురు. కలిసి మాట్లాడి నిర్ణయించుకున్నవాళ్ళలో 32 మంది.

మైకు పెట్టి గంటసేపు మాట్లాడే మన నాయకులు ఈ లెక్క గోడకు రాసుకోవాలి.

కాబట్టి మేం అడిగేది ఇది. నెలకొకసారి తల్లులు, తండ్రులు, యువకులు బడికి పోయి పిల్లల వరసలో కూచొని ఆ అన్నమే తినండి. దళిత, ఆదివాసీ స్త్రీలు వంటకు ఉన్నారో లేరో చూడండి. లేకపోతే హెడ్మాస్టరును అడగండి, రాతపూర్వకంగా అడగండి. జావ తాగని పిల్లను కొట్టొద్దు, రెండు గుక్కలు చాలు, రేపు మళ్ళీ పొయ్యమనండి. వాడలో మీటింగు పెట్టినప్పుడు జొన్న గటక వండండి. కోయ అన్నదమ్ముల్ని పిలిచి వాళ్ళ తిండి వాళ్ళనే వండమనండి, అందరూ ఒకే బంతిలో కూచోండి.

సహపంక్తి భోజనాలతోనే కులం కూలదని అంబేడ్కర్ 1936లోనే హెచ్చరించాడు. నిజమే. భూమి కావాలి, చదువు కావాలి, అధికారం కావాలి. కానీ మన పళ్ళెం చూసి మనమే సిగ్గుపడుతూ ఆ పోరాటానికి పోలేం. పిల్లలకు ఛీ అనటం నేర్పింది పెద్దవాళ్ళు. మాన్పించాల్సిందీ పెద్దవాళ్ళే.