తక్కెడ కొత్తది, తూకపురాయి పాతదే

జేమ్స్ పార్కిన్సన్ 1817లో లండన్‌లో ప్రచురించిన ‘ఎన్ ఎస్సే ఆన్ ది షేకింగ్ పాల్సీ’ 66 పేజీల చిన్న పుస్తకం. అందులో వర్ణించినది ఆరుగురు రోగులనే. వారిలో కొందరు వీధిలో ఎదురైనవాళ్ళు. ఒకరినైతే దూరం నుంచి చూడటమే తప్ప పరీక్షించనేలేదు. అయినా వణికే చెయ్యి, ముందుకు వంగిన నడుము, అడుగు పరుగై తూలిపోయే నడక, వీటిని ఆయన పట్టుకున్న తీరుకు రెండు వందల ఏళ్ళు గడిచినా వన్నె తగ్గలేదు. ఆ పుస్తకంలో నిలవనిది ఒక్క మాట. వ్యాధిని నిర్వచిస్తూనే ఇంద్రియాలకూ బుద్ధికీ హాని కలగదని ఆయన తేల్చేశాడు.

ఆ మాట పొరపాటని పందొమ్మిదో శతాబ్దంలోనే పారిస్ వైద్యుడు షార్కో గుర్తించాడు. సిడ్నీలో రోగులను ఇరవై ఏళ్ళపాటు గమనించిన అధ్యయనం 2008లో ప్రకటించిన లెక్క మరీ కఠినమైనది: అప్పటికి జీవించి ఉన్నవారిలో 83 శాతం మంది చిత్తవైకల్యానికి లోనయ్యారు. ప్రతి రోగికీ అదే గతి అని దీని అర్థం కాదు. వణుకు ఎంత వ్యాధిలో భాగమో, బుద్ధి మందగించడమూ అంతే భాగమని మాత్రం అర్థం. పుస్తకం వదిలేసిన ఆ పొరపాటు ఇళ్ళను వదలలేదు. షికాగోకు పడమటి శివారైన నేపర్‌విల్‌లో, కొడుకు ఇంటికి వచ్చి స్థిరపడిన గోదావరి జిల్లా తండ్రిని ఎవరైనా పలకరిస్తే ముందు అడిగేది చెయ్యి గురించే. “వణుకు తగ్గిందా బాబాయిగారూ?” అంటారు. ఆయన నాలుగు నెలలుగా అరోరా గుడికి వెళ్ళే దారి మరిచిపోతున్నాడనీ, మాత్రల డబ్బాలో పొద్దుటి అరకూ రాత్రి అరకూ తేడా తెలియక తడబడుతున్నాడనీ ఎవరూ అడగరు, ఇంట్లోవాళ్ళూ చెప్పరు. చలి అనుకుంటారు, ఒంటరితనం అనుకుంటారు, వయసు అని సరిపెట్టుకుంటారు.

చివరికి ఒకనాడు వైద్యుడి దగ్గర కాగితం ముందుకొస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది 2005లో వెలువడిన మాంట్రియల్ పరీక్ష, పొట్టిగా మోకా. మొత్తం 30 మార్కులు; 26, ఆ పైన వస్తే సామాన్యం. చదువు 12 ఏళ్ళకు మించనివారికి ఒక మార్కు దయతో కలుపుతారు. అందులో ఖడ్గమృగం బొమ్మకు పేరు చెప్పాలి. గుర్తుంచుకోవలసిన అయిదు మాటల్లో డైసీ ఒకటి. చేమంతినీ కనకాంబరాన్నీ వాసనతోనో రంగుతోనో పోల్చుకోగల మనిషికి డైసీ పువ్వో, పక్కింటి పిల్ల పేరో తెలియదు. ‘ఎఫ్’తో మొదలయ్యే మాటలు నిమిషంలో కనీసం పదకొండు చెప్పాలి. దీన్ని తెలుగులోకి మార్చాలంటే ‘ప’ ఒక్కటే అడగాలా, గుణింతమంతా అడగాలా? అక్షరం అనే మాటకే రెండు భాషల్లో రెండు అర్థాలున్నప్పుడు, ఆ ప్రశ్నను మాటకు మాట మార్చినంత మాత్రాన అది అదే ప్రశ్నగా మిగలదు. ఇవి చాలవన్నట్టు గడియారం గీయాలి, పెట్టె ఆకారం దించాలి. వణికే చేతితో గీసిన గీత మనసు తప్పో వేలి తప్పో ఆ కాగితానికి తెలియదు.

ఇక దుబాసీ ఎవరు? చాలాసార్లు కొడుకే. ప్రశ్నను సులువు చేసి అడుగుతాడు, జవాబును సరిదిద్ది చెబుతాడు. అది ప్రేమ, కాని పరీక్ష కాదు. ఫలితం రెండు విధాలా చెడుతుంది. బుద్ధి నిక్షేపంలా ఉన్న తండ్రికి చిత్తవైకల్యం ముద్ర పడుతుంది. లేదా నిజంగా మందగిస్తున్న తండ్రిని ‘ఇంగ్లీషు రాదు కదా’ అని ఇంటికి పంపేస్తారు. ఈ రెండో తప్పు ఖరీదైనది. పార్కిన్సన్ చిత్తవైకల్యానికి రివాస్టిగ్మిన్ వాడకాన్ని అమెరికా ఔషధ సంస్థ 2006లోనే అనుమతించింది. వణుకు తగ్గించడానికి ఇండియాలో దశాబ్దాలుగా రాస్తున్న ట్రైహెక్సీఫెనిడిల్ వృద్ధుల జ్ఞాపకాన్ని మసకబారుస్తుంది; సూట్‌కేసులో వెంట తెచ్చుకున్న ఆ మాత్రను వైద్యుడి సలహాతో మెల్లగా తగ్గిస్తేనే కొందరు తేరుకుంటారు. క్షీణతను కనిపెట్టకపోతే ఈ రెండు దారులూ మూసుకుపోతాయి.

ఈ చిక్కుకు విరుగుడుగా ఇప్పుడు మెదడు తరంగాలను చూపుతున్నారు. తరంగాలు కొత్తవి కావు. జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ మనిషి తల మీది విద్యుత్తును 1924లో నమోదు చేసి 1929లో ప్రకటించాడు. కళ్ళు మూసుకుని మెలకువగా ఉన్న ఆరోగ్యవంతుడి తల వెనుక భాగంలో సెకనుకు 8 నుంచి 13 దాకా లేచే ఆల్ఫా లయ కనిపిస్తుంది. పార్కిన్సన్ రోగిలో బుద్ధి మందగించేకొద్దీ ఆ లయ నెమ్మదిస్తుంది. థీటా, డెల్టా అనే మంద తరంగాలు పెరుగుతాయి. 2011లో ‘న్యూరాలజీ’ పత్రికలో వెలువడిన అధ్యయనం 106 మంది రోగులను పరిశీలించింది. లయ సెకనుకు 8.5 కన్నా తక్కువ ఉన్నవారికి, ఎక్కువ ఉన్నవారితో పోలిస్తే, చిత్తవైకల్యం వచ్చే ప్రమాదం 13 రెట్లని తేలింది. ఇల్లినాయ్ పొరుగున ఉన్న అయోవా విశ్వవిద్యాలయంలో నందకుమార్ నారాయణన్ బృందం మరో అడుగు వేసింది. ఏదైనా పని అప్పగించినప్పుడు నుదుటి నడిమి భాగంలో సెకనుకు నాలుగు చొప్పున లేవవలసిన లయ ఈ రోగుల్లో బలహీనపడుతోందని చూపింది. ఏ పనీ ఇవ్వకుండా ఊరికే కూర్చోబెట్టి తీసిన తరంగాల నుంచి కూడా క్షీణతను లెక్కగట్టే పద్ధతిని 2024లో ప్రకటించింది.

ఇది మంచి పని. ఈఈజీ యంత్రం చవక. ఆంధ్ర, తెలంగాణ జిల్లా కేంద్రాల్లో కూడా దొరుకుతుంది. సూది లేదు, రేడియేషన్ లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, తరంగం ఖడ్గమృగం పేరు అడగదు. అందుకే భాషతో పేచీ లేని కొలత దొరికిందన్న ఉత్సాహం వినిపిస్తోంది. ఆ ఉత్సాహాన్ని అక్కడే ఆపి ఒక ప్రశ్న వేయాలి. ఈ తరంగం బుద్ధిని కొలుస్తోందని ఎలా తెలిసింది? రోగుల మోకా మార్కులతో పోల్చి చూడగా తెలిసింది. తక్కెడ కొత్తదే. దాన్ని సరిచూసిన తూకపురాయి మాత్రం ఆ పాత కాగితమే.

అయోవాలో పుట్టి పెరిగినవారికి ఆ రాయి సరిపోవచ్చు. తక్కెడను ఊరు దాటించినప్పుడే ఇబ్బంది. తెలుగు వృద్ధుల తరంగాలను ఇంగ్లీషు మార్కులతో సరిచూస్తే, కాగితంలోని పొరపాటంతా యంత్రంలోకి దిగుతుంది. కాగితం మీద ఆ పొరపాటు కంటికి కనిపించేది. యంత్రంలోకి చేరాక అది దశాంశ బిందువు తగిలించుకుని విజ్ఞానంలా నిలబడుతుంది, ప్రశ్నించడానికి కొడుక్కి సైతం ధైర్యం చాలదు.

తరంగానికి భాష లేదు కదా అనేవారికి జవాబు ఉంది. తరంగానికి భాష లేకపోవచ్చు. దానికి అర్థం చెప్పేవారికి ఉంది. మంద తరంగం పెరగడానికి కునుకు చాలు, పైన చెప్పిన మాత్ర చాలు, ఒంట్లో జ్వరమో ఇన్‌ఫెక్షనో ఉన్నా చాలు. ‘రాత్రి నిద్రపట్టిందా, ఏ మందులు వేసుకున్నారు’ అని తెలుగులో అడిగేవారు లేని గదిలో తీసిన ఈఈజీ సగం సాక్ష్యమే. పైగా గుంపుల మధ్య కనిపించే తేడా ఒక మనిషికి తీర్పు కాదు.

సరైన రాయి లేదా అంటే, హైదరాబాదులో ఉంది. భారత వైద్య పరిశోధన మండలి బుద్ధి పరీక్షల సంపుటిని తెలుగుతో సహా అయిదు భాషల్లో సిద్ధం చేయించింది. చదువుకున్నవారికీ చదువులేనివారికీ వేరుగా ప్రమాణాలు చూసుకుంది. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది చిత్తవైకల్య రోగులను పరిశీలించి 2013లో చెప్పినది ఇంకా లోతైనది: రెండు భాషలు మాట్లాడేవారిలో వ్యాధి సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది, అక్షరం రానివారిలో సైతం. మెదడు ముసలితనాన్నే భాష మారుస్తున్నప్పుడు, ఆ మెదడు కొలతలో భాషను పక్కన పెట్టడం ఏ శాస్త్రం?

కాబట్టి అడగవలసినది స్పష్టం. పార్కిన్సన్ పరిశోధకులు తరంగాలను తెలుగు పరీక్షలతో, రోజువారీ పనులతో సరిచూడాలి. అంతదాకా ఈఈజీని సాక్షిగా పిలవాలి, న్యాయమూర్తిగా కాదు. వైద్యులు కొడుకును దుబాసీగా కూర్చోబెట్టడం మానాలి. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు రోగికి ఖర్చు లేకుండా దుబాసీని ఇవ్వాలని అమెరికా చట్టమే చెబుతోంది. నేపర్‌విల్ కుటుంబాలు ఆ హక్కును అపాయింట్‌మెంట్ రోజునే అడిగి తీసుకోవాలి. బాబాయిగారిని పలకరించేవారు వణుకుతో పాటు ఇంకో మాట కూడా అడగాలి: “నిన్న గుడికి ఏ దారిన వెళ్ళారు?” పార్కిన్సన్ పుస్తకంలో వదిలేసిన ప్రశ్న అదే. దాన్ని అడగడానికి యంత్రం అక్కరలేదు.