సెగరోగం మళ్లీ మళ్లీ ఎందుకు వస్తుంది?

ప్రభుత్వ వైద్యశాలలో పనిచేసిన రోజుల్లో ఒక బట్టల దుకాణపు గుమాస్తా నన్నొక ప్రశ్న అడిగాడు. "ఆటలమ్మ ఒకసారి పోస్తే మళ్లీ పోయదంటారు కదండీ, ఈ సెగ నాకు మూడోసారి ఎందుకు వచ్చింది?" అతని నడవడిని మందలించి పంపడమే అప్పటికి నాకు తెలిసిన సమాధానం.

సెగరోగాన్ని వైద్యులు గనేరియా అంటారు. దీనికి కారణమైన బాక్టీరియాను 1879లో ఆల్బర్ట్ నైసర్ గుర్తించాడు. దాని ఒంటిమీద నూగువంటి సన్నని పోగులుంటాయి. వాటితోనే అది మూత్రనాళపు లోపొరను అంటిపెట్టుకుంటుంది. పిలిన్ అనే ప్రోటీనుతో తయారైన ఆ పోగులను మన శరీరం గుర్తుపట్టి, యాంటీబాడీలను సిద్ధం చేస్తుంది. అవి సిద్ధమయ్యేసరికి పోగుల రూపం మారిపోయి ఉంటుంది!

పిలిన్‌ను తయారుచేసే జన్యువుతో పాటు, దానికి అసంపూర్ణమైన ప్రతులు అనేకం ఆ క్రిమిలో ఉంటాయి. అవి మూగప్రతులు, వాటంతట అవి ప్రోటీనును తయారుచేయలేవు. వాటిలోని ముక్కలు అప్పుడప్పుడు పనిచేసే జన్యువులోకి నకలవుతాయి. మూగప్రతి మాత్రం చెక్కుచెదరదు. పగటివేషగాడి పెట్టెలో దుస్తుల వలె అది మరోసారికి పనికివస్తుంది.

ఓపా అనే మరో రకం ఉపరితల ప్రోటీన్లకు పదకొండు వరకు జన్యువులున్నాయి. ఒక్కొక్క దానిలో అయిదక్షరాల చిన్న వరుస పదేపదే వస్తుంది. నకలు తీసేటప్పుడు ఒక వరుస తగ్గినా, పెరిగినా జన్యువును చదివే క్రమం తప్పి ఆ ప్రోటీను ఆగిపోతుంది. మరోసారి క్రమం కుదిరితే మళ్లీ మొదలవుతుంది. ఇందులో క్రిమి తెలివితేటలేమీ లేవు. యాదృచ్ఛికంగా మారినవాటిలో మన రక్షణవ్యవస్థ కంటపడనివి బతికిపోతాయి, అంతే.

శుద్ధిచేసిన ఈ పోగులతోనే టీకా తయారుచేసి, దక్షిణ కొరియాలోని అమెరికా సైనికులపై పరీక్షించారు. ఫలితాలు 1991లో వెలువడ్డాయి, రక్షణ లభించలేదు. ఈ సంగతి తెలిసినవాడిగా, రోగనిరోధకశక్తి పెంచుతామంటూ సుఖవ్యాధులకు పొడులు అమ్మేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది.

పెన్సిలిన్, సిప్రోఫ్లాక్సాసిన్‌లకు ఈ క్రిమి లొంగకపోవడం వేరే కథ. వేషం మార్చడం యాంటీబాడీల నుండి కాపాడుతుందే తప్ప మందుల నుండి కాదు. సరైన మందు సరైన మోతాదులో పడితే నేటికీ వ్యాధి నయమవుతుంది. నయమైన మనిషికి మళ్లీ సోకకుండా శరీరం ఆపలేదు కనుక, భాగస్వామికి కూడా అదే సమయంలో చికిత్స జరగాలి. మందుల దుకాణంలో రహస్యంగా రెండు మాత్రలు కొనుక్కుంటే ఈ పని జరగదు. ప్రభుత్వాసుపత్రుల సురక్షా క్లినిక్‌లలో గోప్యంగా, ఉచితంగా చూస్తారు.

మూడోసారి వచ్చినప్పుడు గానీ ఆ గుమాస్తాను భార్యను తీసుకురమ్మని నేను అడగలేదు. ఆమెకు ఏ బాధా లేదట. స్త్రీలలో చాలామందికి ఈ వ్యాధి లక్షణాలు కనిపించవు. నాలుగేళ్లుగా పిల్లలు లేరని మాత్రం గుళ్లూ గోపురాలూ తిరుగుతోంది. పరీక్షిస్తే గర్భాశయనాళాలు రెండూ మూసుకుపోయి ఉన్నాయి.