స్లైడ్లు మనవళ్ళ చేత చేయించకండి

పోస్టు పెద్దదే, టీ పెట్టుకుని కూర్చోండి.

గోసాని నువాగాంలో ఆదివారం సాయంత్రాలు మేం కొందరం పెద్దవాళ్ళం చేరి స్లైడ్లు చెయ్యడం నేర్చుకుంటున్నామని మీలో చాలామందికి తెలుసు. "ఈ వయసులో పవర్‌పాయింటు ఎందుకండీ" అన్నవాళ్ళున్నారు. వాళ్ళకి జవాబు లేదు, సరదా అంతే. "మా మనవడికి చెప్తే పావుగంటలో చేసిచ్చేస్తాడు కదా" అన్నవాళ్ళున్నారు. ఈ పోస్టు వాళ్ళ కోసం.

ముందు మా తప్పు మేం ఒప్పుకోవాలి. పోయినేడు ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవానికి, గిడుగు రామమూర్తి పంతులుగారి మీద స్లైడ్లు వేసింది మేమే. వచ్చినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మర్చిపోయినట్టు నటించక్కర్లేదు. ఇంట్లో పాత డీటీపీ ఫాంటులో పన్నెండు స్లైడ్ల నిండా వ్యాసం మొత్తం టైపు చేసుకుని, పెన్‌డ్రైవులో పెట్టుకుని హాలుకి వచ్చాం. అక్కడి కంప్యూటర్లో తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు కలిపి పిండి రుబ్బినట్టుంది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన మనిషి గురించి ఎవరికీ చదవరాని అక్షరాల ముందు నిలబడి నలభై నిమిషాలు కాగితం చూసి చదివాం. ఇరవయ్యో నిమిషానికి పిల్లలు ఒక్కొక్కరే మెట్లు దిగిపోయారు. మేం పిల్లలమైనా దిగిపోయేవాళ్ళమే.

ఎందుకలా అయిందో తర్వాత తెలిసింది. ఆ పాత ఫాంట్లలో తెలుగు 'క' అని కంప్యూటరుకి తెలియదు. అదో ఇంగ్లీషు అక్షరం అనుకుంటుంది, పైన మాత్రం 'క' బొమ్మ తొడుగుతుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తొడుగు ఊడిపోతుంది. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత అంకె ఉంది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ నుంచే తెలుగు ఉంది. ఫోనులో మీరు రోజూ వాట్సాప్‌లో కొట్టే తెలుగంతా అదే. అంటే మనకి ముందే వచ్చిన విద్య వదిలేసి, కంప్యూటర్ ముందు కూర్చోగానే పాతదాని వెంట పడ్డాం.

ఇంకో విషయం. గిడుగు అన్న పేరుతో ఒక తెలుగు యూనికోడ్ ఫాంటు ఉంది, ఉచితం. సిలికానాంధ్ర తరఫున చేసిన ఫాంట్లలో అదొకటి. గురజాడ, మండలి, సూరన్న, ఇలా ఇంకా చాలా ఉన్నాయి. మా తరగతిలో అందరం శీర్షికలకి గిడుగు, మిగతా మాటలకి మండలి పెట్టుకుంటున్నాం. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన మనిషి, మన గంజాం ప్రాంతపు మనిషి అనే చెప్పుకోవాలి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. మన తాతలు బరంపురంలో ఉండిపోయారు. ఆయన పేరున్న అక్షరాలు ఇప్పుడు మన గోడ మీద పడుతున్నాయి.

సరే, మనవళ్ళ సంగతి.

మాతో పాటు నేర్చుకుంటున్న ఒక పెద్దమ్మ ఉన్నారు. పేరు రాయొద్దన్నారు. పట్టు నేసే ఇంటి మనిషి. ఇప్పుడు ఇంట్లో మగ్గం లేదు, ఫొటోలున్నాయి. మా తరగతి మొదలు కాకముందే మన పట్టు మీద స్లైడ్లు చెయ్యమని ఆవిడ తన మనవడిని అడిగారు. చక్కగా చేశాడు, రంగులూ మెరుపులూ అన్నీ బాగున్నాయి. నెట్‌లో మంచి మగ్గం ఫొటో దొరికింది, పెట్టేశాడు. ఆవిడ చూసి ఒకటే మాట అన్నారు, "ఇది మన మగ్గం కాదురా. ఈ చీర కూడా మనది కాదు." నిజమే. మన బరంపురం పట్టుకి అంచులో గుడి గోపురాల్లాంటి కుంభాలుంటాయి, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. తెర మీదున్నది వేరే ఏదో ఊరి బూటా చీర. కుర్రాడి తప్పేం లేదు. వాడు మగ్గం చూడనేలేదు, తేడా ఎలా తెలుస్తుంది? స్లైడు చెయ్యడం వాడికి తెలుసు, స్లైడులో ఏముండాలో ఆవిడకి తెలుసు. ఈ రెండూ వేర్వేరు మనుషుల దగ్గరున్నంతకాలం మన గురించి మనం వేసుకునే స్లైడ్లలో వేరే ఊరి చీరలే కనిపిస్తాయి. ఇప్పుడు ఒక్క వాక్యం చెప్తే పది స్లైడ్లు చేసిచ్చే యంత్రాలు కూడా వచ్చాయి. వాటి దగ్గరా ఇదే గొడవ, కాకపోతే ఇంకా తొందరగా.

పని పెద్దదేం కాదు, అదే మా వాదన. ఆవిడ నాలుగు ఆదివారాల్లో నేర్చుకున్నారు. మొదటి ఆదివారమంతా మౌసు రెండుసార్లు నొక్కడానికే పోయింది, అది వదిలెయ్యండి.

నేర్చుకున్నవాటిలో అందరం చేసిన ఒక తప్పు మాత్రం చెప్పాలి. కొత్త స్లైడు తెరవగానే శీర్షికకో పెట్టె, విషయానికో పెట్టె కనిపిస్తాయి. మేం ఆ పెట్టెలు చెరిపేసి, మాకు నచ్చినచోట సొంతంగా టెక్స్ట్ బాక్సులు గీసుకుని రాసేవాళ్ళం. చూడ్డానికి తేడా ఏం లేదు. ఎనిమిది స్లైడ్లయ్యాక ఫాంటు మార్చాలనిపించింది. స్లైడ్ మాస్టర్ అని ఒకటుంది, అక్కడ ఒక్కసారి మారిస్తే అన్ని స్లైడ్లూ మారతాయి అన్నారు. మార్చాం. ఒక్క స్లైడూ మారలేదు! అవుట్‌లైన్ చూపు తెరిస్తే అదీ ఖాళీ. ఎందుకంటే మాస్టర్ చెప్పిన చోట్లూ కొలతలూ వినేవి అది ఇచ్చిన పెట్టెలే, మనం గీసుకున్నవి కావు. బియ్యం డబ్బాలో కాకుండా గచ్చు మీద పోసి, డబ్బా మూత మారిస్తే బియ్యం ఎందుకు కప్పలేదని అడిగినట్టు. మళ్ళీ మొదటినుంచి చేశాం. ఇప్పుడు ముందు అవుట్‌లైన్‌లో ఉత్త మాటలు రాసుకుంటాం, చెప్పాల్సిన వరస కుదిరాకే ఫొటోలు, రంగులు.

తెలుగుకి ప్రత్యేకంగా ఉన్న చిక్కు ఒకటి: వత్తులు. ఇంగ్లీషు కోసం లెక్కవేసిన వరసల మధ్య ఖాళీ మన అక్షరాలకి చాలదు. పై వరసలోని వత్తు కింది వరస గుడికి తగులుతుంది. ఖాళీ పెంచండి, అక్షరం కూడా పెద్దది చెయ్యండి. ఇంగ్లీషుకి 28 సరిపోతే మాకు 40 కావాల్సొచ్చింది. వెనక వరసలో కూర్చున్న మావయ్యగారి కళ్ళే మా కొలబద్ద, ఆయన చదివితే పాసు.

అక్షరం పెద్దదైతే స్లైడులో చోటు తగ్గుతుంది, అంటే మాటలు తగ్గించాలి. మేం పోయినేడు చేసిన అసలు తప్పు ఇక్కడుంది. ఫాంటు సరిగ్గా పడినా ఆ సభ పాడయ్యేదే. తోలుబొమ్మలాటలో పద్యం బొమ్మ మీద రాసుండదు కదా. బొమ్మ తెర మీద, పద్యం నోట్లో. మేం పద్యం మొత్తం బొమ్మ మీదే రాశాం. మా మధ్య ఒక రిటైర్డ్ మాస్టారున్నారు, ఓహెచ్‌పీ మీద ప్లాస్టిక్ షీట్లు పెట్టి పాఠం చెప్పిన కాలం ఆయనది. 1987లో పవర్‌పాయింటు వచ్చిందే అలాంటి షీట్లు తయారుచేసుకోవడానికి, ఆపిల్ మాకింతోష్ కంప్యూటర్ మీద, నలుపు తెలుపుల్లో. ఆ ఏడాదే మైక్రోసాఫ్ట్ 1.4 కోట్ల డాలర్లకి దాన్ని కొనేసింది. మాస్టారి మాట ఏమిటంటే, చేత్తో షీటు రాసేటప్పుడు వేళ్ళు నొప్పెట్టేవి కాబట్టి తక్కువ రాసేవాళ్ళం, ఇప్పుడు నొప్పి లేదు కాబట్టి ఆపడం లేదు.

ఇది మన సంఘం హాలుకే పరిమితమైన జబ్బు కూడా కాదు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా నౌక కూలి కల్పనా చావ్లా సహా ఏడుగురు పోయారు. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన విచారణ నివేదిక కారణాలన్నిటితో పాటు ఒక స్లైడుని కూడా తప్పుపట్టింది. నురుగు ముక్క తగిలిన దెబ్బ గురించి ముఖ్యమైన మాట చిన్న అక్షరాల్లో, అడుగున ఎక్కడో పడి ఉంది. పై అధికారులు దాని బరువు గుర్తించలేదు. అంత చదువుకున్నవాళ్ళకే అలా అయితే, పులిహోర వాసన వస్తున్న హాలులో మన పిల్లలు మన ఎనిమిదో పాయింటు చదువుతారా?

చెప్పాల్సిన మాటలన్నీ స్లైడు కింద నోట్స్ అన్న చోట రాసుకోవచ్చు. ప్రెజెంటర్ వ్యూ పెట్టుకుంటే అవి మనకే కనిపిస్తాయి, తెర మీద పడవు. ఎఫ్5 నొక్కితే మొదటినుంచి షో మొదలవుతుంది. మాకు అన్నిటికంటే నచ్చింది 'బి' మీట. షో నడుస్తుండగా నొక్కితే తెర నల్లగా అయిపోతుంది, అప్పుడు అందరూ మన మొహం చూస్తారు. కథ చెప్పి మళ్ళీ నొక్కితే స్లైడు తిరిగొస్తుంది. దీనికోసం డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. లిబ్రెఆఫీస్‌లో ఇంప్రెస్ ఉచితం, ఫోనులో గూగుల్ స్లైడ్స్ కూడా ఉంది.

ఇప్పుడు సంఘంలో అసలు వివాదం. "పిల్లలకి తెలుగు చదవడం రాదు కదా, మాటలు తెలుగే ఉంచి ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి" అని కమిటీలోనే కొందరి అభిప్రాయం. వాళ్ళ మనసు మంచిదే. మేం మాత్రం ఒప్పుకోం. ఒక్కసారి మన వీధిలో నడిచి చూడండి. దుకాణాల బోర్డులు ఒడియా, ఇంగ్లీషు. బడి పుస్తకాలు ఒడియా, ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకి తెలుగు అక్షరం అడుగు ఎత్తున కనిపించే చోటు మన హాలు గోడే, అదీ ఏడాదికి నాలుగైదు సాయంత్రాలు. అక్కడ కూడా తీసేస్తే ఇంకెక్కడ చూస్తుంది? కింద చిన్నగా ఒడియాలో ఒక వరస రాస్తే మాకు అభ్యంతరం లేదు, పొరుగువాళ్ళూ వస్తారు, వాళ్ళకీ అర్థం కావాలి. తెలుగుని మాత్రం తెలుగులోనే రాద్దాం, స్లైడుకి ఒకటో రెండో మాటలు.

పెద్దమ్మ అదే చేశారు. ఆవిడ మొదటి స్లైడులో ఫొటో, కింద ఒక్క మాట: పడుగు. రెండోది: పేక. మూడోది: నాడె. ఫొటోలు నలుపు తెలుపువే, మసక. పోయిన ఆదివారం చూపిస్తుంటే మెట్ల మీద ఆడుకుంటున్న పిల్లలు లోపలికొచ్చారు. నాడె స్లైడు దగ్గర ఒక పిల్ల 'నా' అంది, ఆగింది. పక్కపిల్లాడు 'డ' అన్నాడు. ఆవిడ చెప్పలేదు, ఊరుకున్నారు. కాసేపటికి ఇద్దరూ కలిపి "నాడె" అన్నారు. "అంటే ఏంటి మామ్మా?" అని అడిగారు. ఆవిడ 'బి' నొక్కి, తెర నల్లగా చేసి, చేత్తో గాలిలో నాడె విసిరి చూపించారు. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. ఎంతసేపు చూపించారో మేం లెక్కపెట్టలేదు. ఆవిడ స్లైడ్లు చేసిచ్చిన మనవడు కూడా తలుపు దగ్గర నిలబడి చూశాడు. ఇప్పుడు వాడే మాకు కేబుళ్ళు సర్దుతున్నాడు.

ఇక వచ్చే ఆదివారం సంగతులు. సాయంత్రం ఐదుకే మొదలు. ఎవరి దగ్గరైనా పాత ఫొటోలుంటే, మగ్గాలు, పెళ్ళిళ్ళు, ఠాకురాణి యాత్ర వేషాలు, ఏవైనా సరే, స్కాన్ చేసి పంపండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నలిగి చిన్నదైపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. వెనక పేర్లు రాసుంటే వెనక వైపు కూడా ఫొటో తియ్యండి. స్లైడ్లు తెచ్చేవాళ్ళు పీడీఎఫ్ కాపీ కూడా పెన్‌డ్రైవులో పెట్టుకోండి, మా పోయినేటి అనుభవం మీకు అక్కర్లేదు. హెచ్‌డీఎంఐ కేబులు హాలులో ఉంది. పాత ల్యాప్‌టాప్ వాళ్ళు అడాప్టరు తెచ్చుకోవాలి.

ఇంకొక్కటి. పెద్దమ్మ నాలుగో స్లైడుకి ఫొటో ఉంది, మాట లేదు. మగ్గం ముందు ఐదుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. నలుగురి పేర్లు ఆవిడకి తెలుసు, నోట్స్‌లో రాశారు. ఎడమనుంచి మూడో ఆవిడ, చంకలో పిల్లాడితో ఉన్నావిడ, ఎవరో గుర్తు రావడం లేదట. ఫొటో గ్రూపులో పెడుతున్నాం. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే పెద్దది చేసి చూపించండి.