పెళ్లిరోజు ప్రయాణంలో ఎవరి వాటా ఎంత?

పెళ్లిరోజుకు ఎక్కడికి వెళ్లాలనే మాట మీద మా ఇంట్లో మూడు వారాలు చర్చ నడిచింది. పాస్టరుగారింట్లో కూడా ఇలాంటివి ఉంటాయా అని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. కొత్త దంపతులను కూర్చోబెట్టి సర్దుబాటు గురించి ఏళ్ల తరబడి బోధిస్తున్న మేము, ఆ పాఠాన్ని సరిగా చదవలేదని ఈ చర్చలోనే తెలుసుకున్నాం. అందుకే ఈ వారం దాన్ని పాఠకుల ముందు పెడుతున్నాం.

విషయం చిన్నదే. వచ్చే జనవరి ఆఖరి వారంలో మా పెళ్లయి ముప్పయ్యేళ్లు నిండుతాయి. పిల్లలిద్దరూ కలిసి కొంత డబ్బు పంపి, ‘ఈసారైనా మీరిద్దరే ఎక్కడికైనా వెళ్లి రండి’ అన్నారు. క్రిస్మస్, నూతన సంవత్సర ఆరాధనల హడావుడి అప్పటికి తగ్గుతుంది. ఆదివారం ఆరాధన ముగించుకుని రాత్రి రైలెక్కితే మళ్లీ శనివారం ఉదయానికి ఇల్లు చేరాలి. మధ్యలో ఉన్నవి అయిదు రోజులు.

మేము పుట్టి పెరిగింది దివిసీమలో, పొలం గట్ల మీద. మా ఇంటావిడ పుట్టింది సికింద్రాబాదు రైల్వే క్వార్టర్సులో. చెరువు గట్టు కనిపిస్తే మాకు ప్రాణం లేచివస్తుంది. ఆవిడకు జనం కావాలి, బజారు కావాలి, రాత్రి పదింటికి కూడా వెలుగుతుండే దీపాలు కావాలి. అయితే పెళ్లయిన నాటి నుంచి ఆమె మా వెంట తిరిగినవన్నీ పల్లె పాస్టరేట్లే. బదిలీ కాగితం వచ్చిన ప్రతిసారీ ‘ఎక్కడికండీ?’ అని అడిగిందే తప్ప ‘ఎందుకండీ?’ అని అడగలేదు.

కాబట్టి న్యాయంగా ఉండాలని మేమే ఒక కాగితం తీసుకుని నడుమ గీత గీశాం. ఒకవైపు హైదరాబాదు, రెండున్నర రోజులు. మరోవైపు మెదక్, రెండున్నర రోజులు. పట్నం ఆవిడకు, పల్లె మాకు. లెక్క సరిపోయింది. మెదక్ ఎందుకంటే మన పాఠకులకు చెప్పనక్కరలేదు. కరువు రోజుల్లో ఆకలిగొన్నవారికి పని, కూలి దొరకాలని మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ తలపెట్టిన ఆ దేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడింది. 2024లో నూరేళ్లు నిండాయి. 175 అడుగుల గోపురం, లోపల రంగుటద్దాల మీద క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం. ఆ ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలో పోచారం చెరువు, దాని పక్కన జింకలు తిరిగే అడవి. చలికాలంలో పక్షులు కూడా వస్తాయి. ఇంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుందనుకున్నాం.

ఆవిడ కాగితం చదివి, మడిచి, తిరిగి ఇచ్చింది. ‘రెండు వైపులా మీరే ఉన్నారండీ’ అంది.

మొదట కోపం వచ్చింది. తరువాత మళ్లీ చదివాం. పట్నం వైపు మేము రాసినవి ఇవి: క్రైస్తవ పుస్తకాల దుకాణం, వేదాంత కళాశాలలో మాతోపాటు చదివిన మిత్రుని ఇంట భోజనం, మా సంఘ పెద్ద ఒకరి కుమారుడు కొన్న ఫ్లాటులో గృహప్రతిష్ఠ ప్రార్థన, వీలైతే పాత కళాశాల గ్రంథాలయం. పట్నం అని పైన పేరు పెట్టినంత మాత్రాన అది ఆమె పట్నం కాలేదు. మా సేవే ఊరు మార్చి అక్కడ కూర్చుంది.

పల్లె వైపు సంగతి ఆమె నోటనే వినాలి. ‘మీకు పల్లె అంటే గాలి, నీళ్లు, నిశ్శబ్దం. నాకు పల్లె అంటే పాస్టరమ్మ. ఏ గుమ్మం ముందు నిలబడినా అమ్మగారొచ్చారంటారు, కుర్చీ వేస్తారు, వాళ్ల ప్రేమకు నేను రుణపడి ఉన్నాను. కానీ ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ నేను నేను కాదు. చార్మినారు దగ్గర గాజుల కొట్టులో నన్నెవరూ ఎరగరు. బేరం ఆడి, కొనకుండా వచ్చేసినా రేపు స్త్రీల సమాజంలో దాని గురించి మాట్లాడరు. నాకు ఆ రెండు గంటలు కావాలి.’

ముప్పయ్యేళ్లలో ఈ మాట ఆమె ఎప్పుడూ అనలేదు. మేము అడగలేదు కాబట్టి అనలేదు.

అయినా వాదన అంత త్వరగా మానలేదు. వాక్యాన్ని ఇంట్లో వాదనకు ఆయుధంగా వాడుకోవడం పాస్టర్లకున్న చెడ్డ అలవాటు. పరమగీతము ఏడవ అధ్యాయంలో ప్రియురాలే ప్రియుణ్ణి పొలాలకు, పల్లెలకు రమ్మని పిలుస్తుంది కదా అన్నాం. ‘ఆవిడ అక్కడికెళ్లి నలభైమందికి వంట చేయించే పని పెట్టుకోలేదు లెండి’ అంది. మరో సాక్ష్యం తెచ్చాం. 2022 సెప్టెంబరు నుంచి మెదక్‌కు రైలు నడుస్తోంది, ఆ దారిలో బొల్లారం వస్తుంది, అక్కడి హోలీ ట్రినిటీ చర్చిలో 1983 నవంబరు 20న ఎలిజబెత్ రాణి, ప్రిన్స్ ఫిలిప్ తమ 36వ పెళ్లిరోజున ఆరాధనలో పాల్గొన్నారు, అంతటివారే గుడికి వెళ్లారు కదా అన్నాం. ‘పాపం, ఆవిడ ఆ రోజు కూడా డ్యూటీ మీదే ఉంది’ అంది. ఇక మాకు మాట రాలేదు.

ఆ రాత్రి 1 సమూయేలు మొదటి అధ్యాయం మనసులో మెదిలింది. దీని మీద ఎన్ని ప్రసంగాలు చేశామో లెక్కలేదు. అన్నిటిలోనూ హన్నా ప్రార్థన, సమూయేలు జననం. ఆ అధ్యాయం మొదట్లో ఉన్న ప్రయాణం మీద మా చూపు నిలవలేదు. ఎల్కానా ఏటేటా కుటుంబాన్ని వెంటబెట్టుకుని షిలోహుకు వెళ్లేవాడు. భక్తిగల మనిషి, భార్యను ప్రేమించినవాడు. అక్కడ అందరికీ పాళ్లు పంచేవాడు, హన్నాకు ప్రత్యేకమైన పాలు ఇచ్చేవాడు. పంపకంలో లోటు లేదు. అయినా హన్నా ఆ ప్రయాణంలో ప్రతి ఏడూ ఏడ్చేది, తినేది కాదు. అప్పుడు ఎల్కానా ఆమెను వరుసగా నాలుగు ప్రశ్నలు వేశాడు. ఎందుకేడుస్తావు, ఎందుకు తినవు, ఎందుకు నీకీ విచారం, పదిమంది కుమారులకంటె నేను నీకు ఎక్కువ కానా? నాలుగో ప్రశ్న వేసేసరికి మొదటి మూడింటికీ జవాబు తనే అనుకున్నాడు. ఆమె ఏమి చెప్పిందో అక్కడ రాయబడలేదు. ఆమె లేచి వెళ్లి తన మనసును దేవుని సన్నిధిలో కుమ్మరించుకుంది.

ఎల్కానాను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. అతను మనలాంటివాడే. పాళ్లు సరిగా పంచితే చాలనుకున్నాడు. మేము కూడా రెండున్నర, రెండున్నర అని పంచి చేతులు దులుపుకున్నాం. ఈనాడు ఎందరో యువ దంపతులు ఇదే లెక్క వేస్తున్నారు. ఒకరికి మాల్, సినిమా, హోటలు. మరొకరికి కొండ, వాగు. సగం నీది, సగం నాది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. చివరికి నా సగంలో నువ్వు విసుగ్గా ఉంటావు, నీ సగంలో నేను ఫోను చూసుకుంటూ ఉంటాను. రెండు ఒంటరి ప్రయాణాలను ఒకే టిక్కెట్టు మీద చేసి ఇల్లు చేరతాం.

అందుకని మేమిద్దరం పద్ధతి మార్చాం. పట్నం రోజుల పథకం ఆమె కోసం మేము వేయాలి. పల్లె రోజుల పథకం మా కోసం ఆమె వేయాలి. తన భాగం తాను రాసుకోకూడదు. వినడానికి సులువుగా ఉంటుంది కాని, కాగితం ముందు కూర్చుంటే ఆమెకు ఏమిష్టమో మాకు నాలుగు ముక్కలు కూడా తెలియలేదు. గాజులు తెలుసు, అదీ ఆవిడ చెప్పింది కాబట్టి. సిగ్గు విడిచి అడగవలసి వచ్చింది. అడిగితే ఒక్కొక్కటీ బయటికి వచ్చింది. చిన్నప్పుడు నాన్నగారి చెయ్యి పట్టుకుని సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం ముందు నిలబడేదట. గంట గంటకూ లోపలి నుంచి చిన్న బొమ్మ వచ్చి గంట కొట్టి వెళుతుంది, చూడడానికి జనం మూగుతారు. ఆమెకు అది మళ్లీ చూడాలని ఉంది. ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. మెట్రో రైలు ఎక్కి ఏ పనీ లేకుండా చివరి స్టేషను దాకా పోయి తిరిగి రావాలి. తాము ఉన్న క్వార్టర్సు వీధి ఇంకా ఉందో లేదో చూడాలి. ఖర్చు లెక్క చూస్తే గాజులతో కలిపి మేము పుస్తకాలకు కేటాయించిన దానికంటే తక్కువ!

అదే మ్యూజియంలో ముసుగు రెబెకా పాలరాతి విగ్రహం ఉంది. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కినది. రాతిలోంచి తడిసిన పలుచని బట్ట, దాని వెనుక ముఖం కనిపిస్తున్నట్టుంటుంది. ఆమె మన బైబిల్లోని రిబ్కా. నాహోరు పట్టణం నుంచి బయలుదేరి, సాయంకాలం పొలంలో ఒంటరిగా ధ్యానించుకుంటున్న ఇస్సాకు ఎదుటికి వచ్చి ముసుగు వేసుకున్న రిబ్కా (ఆది. 24:65). అక్కడా ఆమెది పట్నం, అతనిది పొలమే! ఈ పోలికకు మేము మురిసిపోతుంటే ఆవిడ ఇంకో మాట గుర్తుచేసింది. ఆ ప్రయాణానికి ముందు ఇంటివాళ్లు రిబ్కాను పిలిచి, ఈ మనిషితో వెళతావా అని అడిగారు (24:58). వెళతానని ఆమె చెప్పాకే పంపారు. సెమినరీలో ఈ అధ్యాయం మీద పరీక్ష రాశాం. ఆ వచనం మీద ప్రశ్న రాలేదు.

మా కోసం ఆమె వేసిన పల్లె పథకం చూస్తే మాకంటే మమ్మల్ని ఆవిడే బాగా ఎరుగుననిపించింది. మెదక్ దేవాలయానికి పగటివేళే వెళ్లాలి, రంగుటద్దాలకు సూర్యుని వెలుతురు ఉండాలి. వెనక బెంచీలో కూర్చోవాలి. ఎవరికీ పాస్టరునని చెప్పకూడదు. పోచారం చెరువు దగ్గర ఒక పూటంతా ఖాళీ. చేతిలో పుస్తకం కూడా ఉండకూడదు. ‘మీరు చెరువు చూడక చాలా ఏళ్లయింది. చెరువు దగ్గరికి వెళ్లి ఆదివారం ప్రసంగం ఆలోచిస్తారు’ అంది. బస కాంపౌండులో వద్దు, బయట మామూలు లాడ్జి చాలు. కాంపౌండులో దిగితే తెల్లవారుజామునే ఎవరో ప్రార్థనకు పిలుస్తారు, మేము కాదనలేం. అది ఆవిడకు తెలుసు.

ముందు ఏది, తరువాత ఏది అన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. పట్నంలో అలసి పల్లెలో సేదతీరడం మంచిదని చాలామంది అంటారు. మా విషయంలో అది కుదరదు. పల్లెలో ముగిస్తే ఆమె మళ్లీ పల్లెకే తిరిగి వస్తుంది. కాబట్టి సోమ, మంగళవారాలు మెదక్‌లో, బుధవారం నుంచి హైదరాబాదులో. పెళ్లిరోజు గురువారం పడింది. శుక్రవారం మ్యూజియానికి సెలవు కనుక గడియారం చూసేది కూడా ఆ రోజే. పట్నానికి అరపూట ఎక్కువ పడింది. ఉండనీయండి.

సంఘాలవారికి కూడా ఒక మాట. శిష్యులు అలసి ఉన్నప్పుడు ప్రభువే వారిని ఏకాంత స్థలానికి వచ్చి కొంచెం విశ్రమించమన్నాడు (మార్కు 6:31). జనం ముందుగానే అక్కడికి పరుగెత్తి చేరారు, ప్రభువు వారిమీద కనికరపడ్డాడు, అది నిజమే. ఆ భాగాన్ని పట్టుకుని సెలవు అడగని పాస్టరే మంచి పాస్టరని మేము చాలాకాలం నమ్మాం. ఆ కష్టం మేమొక్కరమే మోస్తే ఫరవాలేదు. కాని సగం భారం అమ్మగారి మీద పడుతోంది, ఆమెను ఎవరూ అడగలేదు. కొత్తగా పెండ్లి చేసుకున్నవాడు ఏడాది పాటు యుద్ధానికి పోకుండా ఇంట ఉండి భార్యను సంతోషపెట్టాలని ధర్మశాస్త్రం చెప్పింది (ద్వితీ. 24:5). ఆ ఏడాది మా ఇంట ఎప్పుడో బాకీ పడిపోయింది. ఇప్పుడు అయిదు రోజులు తీరుస్తున్నాం.

ఇక మిగిలింది గృహప్రతిష్ఠ. సంఘ పెద్దగారికి ‘చూద్దాం’ అని సగం మాట ఇచ్చి ఉన్నాం. గురువారం సాయంకాలమే వారి ఏర్పాటు. మా ఊళ్లో గుడి పైకప్పుకు అందరికంటే ఎక్కువ ఇచ్చిన కుటుంబం అది. నాలుగు రోజులు ఫోను చేయలేకపోయాం. నిన్న చేశాం. మా పెళ్లిరోజు, మేమిద్దరం వేరే చోట ఉంటాం, రాలేమండీ అని చెప్పాం. అవతల కాసేపు మాట లేదు. తరువాత, ‘అమ్మగారు వస్తారని మా కోడలు చీర కూడా కొని ఉంచింది అయ్యగారూ’ అన్నారు. మనసు కలుక్కుమంది. వచ్చే నెలలో ప్రత్యేకంగా వస్తామని చెప్పాం, ఆయన సరేనన్నారు. ఆ సరేలో ఎంత సరే ఉందో ఇంకా తెలియదు.

ఫోను పెట్టేసి చూస్తే ఆవిడ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఏమీ అనలేదు. కాగితం తీసుకుని, గురువారం సాయంకాలం దగ్గర ఖాళీగా వదిలిన చోట ‘మెట్రో’ అని రాసి, కాలెండరు వెనక దోపింది.