సర్టిఫికెట్ వచ్చేదాకా బిడ్డ ఆగాలా?

దామలచెరువు మండీలో టన్ను ధర వినగానే, నాయిన ట్రాక్టర్లో తెచ్చిన తోతాపురికి ఎంత వస్తుందో నోటిలెక్కగా చెప్పేసే పిల్లలు పాకాల మండలంలో ఉన్నారు. అలాంటి పిల్లవాడే నాలుగో తరగతి వాచకం తెరిస్తే ‘మామిడి’ని ‘మాయిడి’ అంటాడు. ‘చెట్టు’ కింది ఒత్తు వాడి కంటికి ఆనదు. ‘చెటు’ అని ఆగిపోతాడు. కింది పంక్తికి వెళ్లేసరికి వేలు తప్పిపోతుంది. క్లాసంతా నవ్వితే పుస్తకం మూసేస్తాడు. ‘చెప్పమంటే అంతా చెప్తాడు సార్, రాయమంటేనే రాదు’ అంటుంది తల్లి. వాడికి చదువు మీద ధ్యాస లేదంటుంది బడి.

తల్లి చెప్పేదే నిజం. 1896లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టరు పద్నాలుగేళ్ల పిల్లవాడొకడి గురించి రాశాడు. చురుకైనవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, చదవడం మాత్రం ఎంత నేర్పినా రాలేదు. పాఠమంతా నోటితో చెబితే బడిలో వీడే అందరికన్నా తెలివైనవాడని వాళ్ల మాస్టారే ఆ డాక్టరుతో చెప్పాడు. చదవడంలోని ఈ ఇబ్బందినే డిస్లెక్సియా అంటారు. ఇది తెలివికి సంబంధించిన లోపం కాదని అప్పటినుంచీ తెలుసు. చదవడం, రాయడం, లెక్కల్లో ఇలాంటి ఇబ్బంది బడి వయసు పిల్లల్లో 5 నుంచి 15 శాతం మందికి ఉంటుందని అమెరికా మానసిక వైద్యుల సంఘం అంచనా. అంటే ముప్పైమంది ఉన్న తరగతిలో ఒకరిద్దరైనా ఉంటారు.

మన చట్టంలో వీళ్లకు చోటుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇదీ ఒకటి. పిల్లల్లో దీన్ని వీలైనంత త్వరగా కనిపెట్టి, తగిన తీరులో నేర్పాలని 16వ సెక్షన్ చెబుతుంది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు 17వ సెక్షన్‌లో ఉన్నాయి. అయితే మార్గదర్శకాల ప్రకారం ఎనిమిదేళ్లు నిండితేగాని వైకల్య సర్టిఫికెట్ ఇవ్వరు. పద్నాలుగో ఏట, పద్దెనిమిదో ఏట మళ్లీ పరీక్షించాలి. పిల్లల డాక్టరు, సైకాలజిస్టు, ప్రత్యేక శిక్షణ ఉన్న టీచరు కలిసి తేల్చాలి. ఆ ముగ్గురూ ఒకచోట కావాలంటే పాకాల తల్లిదండ్రులు తిరుపతి బాట పట్టాల్సిందే. రోజు కూలి పోతుంది. పరీక్షలు ఒక్క పూటలో తెమలకపోతే ఇంకో రోజు కూలీ పోతుంది.

ఎనిమిదేళ్ల నియమాన్ని నేను తప్పుపట్టను. మన లిపి నేర్చుకోవడానికి మామూలు పిల్లలకే ఏళ్లు పడుతుంది. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు దాటుకుంటూ రావాలి. అక్షరాలన్నీ పట్టుబడేసరికి నాలుగో ఐదో తరగతి వస్తుందని కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధన చూపించింది. తెలుగు లిపి దానికి తోబుట్టువే. కాబట్టి ఆరేళ్ల బిడ్డకు తొందరపడి వైకల్యం పేరు పెట్టకపోవడం న్యాయమే. పేరు పెట్టేదాకా నేర్పే పని కూడా ఆగిపోవడమే అన్యాయం.

నేర్పడానికి ఆస్పత్రి కాగితం అక్కర్లేదు. ‘మామిడి’ అనే మాటనే తీసుకోండి. ముందు పుస్తకం లేకుండా చప్పట్లతో మా, మి, డి అని విడగొట్టించాలి. ‘మా తీసేస్తే ఏం మిగిలింది?’ అని అడగాలి. ‘మిడి’ అనడానికి కొందరు పిల్లలు చాలాసేపు తడుముకుంటారు. తరగతిలో ఎవరికి చెయ్యందించాలో ఆ తడుములాటే చూపిస్తుంది. ధ్వని చెవికి దొరికాక ఇసుకలో వేలితో అక్షరం దిద్దించాలి. మ, య ఒకే రోజు చెప్పకూడదు. మ స్థిరపడి వారమయ్యాక య. ఒత్తులూ అంతే, ఒక్కొక్కటే. రోజుకు ఇరవై నిమిషాలు, ఇద్దరు ముగ్గురు పిల్లలతో చాలు.

ఇలా ఒక్కో మెట్టుగా నేర్పడం మన ప్రాంతానికి కొత్త కాదు. పాకాల జంక్షన్‌లో ధర్మవరం లైను పట్టుకుంటే వచ్చే మదనపల్లె దగ్గరే రిషివ్యాలీ బడి ఉంది. అక్కడ పద్మనాభరావు, రమ దంపతులు పల్లెబడుల కోసం పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. ప్రతి పిల్లా తన నడకలో మెట్టు తర్వాత మెట్టు ఎక్కుతుంది. క్లాసు ముందుకెళ్లిపోయిందని ఎవరూ వెనకబడరు. దాన్ని చూసే కర్ణాటక ‘నలి-కలి’ మొదలుపెట్టింది, తమిళనాడు తన బడుల్లోకి తీసుకుంది. డిస్లెక్సియా పిల్లల కోసమే తయారైన పద్ధతి కాదది. కానీ వాళ్లకు కావలసిన ఓపిక అందులో ఉంది. పక్క రాష్ట్రాలు పట్టుకెళ్లిన పద్ధతి పాకాల బడిలో కనిపించకపోతే నాకు బాధగా ఉంటుంది.

ఇక ఇంగ్లిషు. 2020 నుంచి మన పిల్లల పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషు. రాసినట్టు పలకని ఆ భాష ఈ పిల్లలకు రెట్టింపు బరువు. ఆరో తరగతిలో హిందీ తోడవుతుంది. ముందు తెలుగులో కాళ్లూననివ్వండి.

సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులు మంజూరు చేసింది. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలూ, సహిత విద్య సిబ్బందీ ఉన్నారు. అయితే ఆ కేంద్రాల గడప తొక్కేది ఎక్కువగా పైకి కనిపించే వైకల్యం ఉన్న పిల్లలే. డిస్లెక్సియా ఉన్న బిడ్డ చివరి బెంచీలో కూర్చుని ఉంటే ఎవరికీ అనుమానం రాదు. అందుకే సిబ్బందే వారానికోసారి బడికి రావాలి. జూన్‌లో బళ్లు తెరవగానే పాకాల మండలంలో రెండో తరగతి పిల్లలందరినీ ఒక్కొక్కరినే కూర్చోబెట్టి పది మాటలు చదివించాలి, పది మాటలు విడగొట్టించాలి. తడబడ్డవాళ్లకు ఆ వారమే ఆ ఇరవై నిమిషాలు మొదలవ్వాలి. మూడో తరగతి నుంచి వాళ్ల యూనిట్ పరీక్ష జవాబులు నోటితో చెప్పించుకుని మార్కులు వెయ్యాలి. తిరుపతిలో పరీక్ష అవసరమైన బిడ్డకు తేదీ ముందే ఖాయం చేసి, తల్లికి కూడా కలిపి బస్సు చార్జీ మండల విద్యాశాఖే ఇవ్వాలి.